చెవిన పడినవన్నీ మనసున నిలవవు

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి. రోజూ వినే చప్పుళ్లలో కొన్నే ఎందుకు గుర్తుంటాయి, ప్రాణరక్షణతో ముడిపడిన శబ్దాలకు జ్ఞాపకంలో పెద్దపీట ఉంటుందన్న మాటలో నిజమెంత అని పాఠకులు అడిగారు. వాటిలో ఐదు ఉత్తరాలను ఎంచుకున్నాము.

ప్రశ్న: మా పాపకు ఏడు నెలలు. రాత్రి అది కాస్త మూలిగినా నాకు మెలకువ వచ్చేస్తుంది. వీధిలో లారీ హారన్ మోగినా మాత్రం లేవను. తెల్లవారాక పాప ఎన్నిసార్లు ఏడ్చిందో, ఏది ఆకలి ఏడుపో కూడా చెప్పగలను. మా వారికి ఇవేవీ గుర్తుండవు. ప్రాణంతో సంబంధమున్న శబ్దాలను మెదడు ప్రత్యేకంగా దాచుకుంటుందని ఎక్కడో చదివాను. నిజమేనా?

జవాబు: మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. శబ్దానికి మెలకువ రావడం ఒకటి, ఆ శబ్దం ఉదయానికి గుర్తుండడం మరొకటి. మొదటిది ధ్యాసకు సంబంధించినది, రెండవది జ్ఞాపకానికి సంబంధించినది. ఈ రెంటినీ విడదీయకపోవడం వల్లనే పత్రికల్లో ఈ అంశంపై వచ్చే వ్యాసాలు చాలావరకు గందరగోళంగా ఉంటాయని నా అభిప్రాయం.

నిద్రలో ఉన్న మెదడు చెవులు పూర్తిగా మూసుకోదు. 1960లో ఆస్వాల్డ్, టేలర్, ట్రైస్మన్ అనే పరిశోధకులు నిద్రపోతున్నవారికి పేర్ల వరుసను వినిపించి, తమ సొంత పేరు వచ్చినప్పుడు మెదడు తరంగాల్లో స్పందన ఎక్కువగా ఉంటుందని గమనించారు. అంటే శబ్దం ఎంత పెద్దదన్న లెక్క కంటే ముందు, అది ఎవరిది, నాకు సంబంధించినదేనా అన్న జల్లెడ పడుతోందన్నమాట. లారీ హారన్ ఆ జల్లెడలో నిలవదు, పాప మూలుగు నిలుస్తుంది. ఇది ధ్యాస సంగతి.

ఇక జ్ఞాపకం. మీరు చదివిన మాటకు మూలం 2007లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో జేమ్స్ నేర్న్, సహచరులు ప్రచురించిన ప్రయోగాలు. ప్రయోగంలో పాల్గొన్నవారిని, తెలియని దేశంలో ఒక గడ్డిమైదానంలో ఏ సాధనమూ లేకుండా చిక్కుకుపోయినట్టు, కొన్ని నెలల పాటు తిండి, నీరు సమకూర్చుకుంటూ క్రూరమృగాల నుంచి కాపాడుకోవలసి ఉన్నట్టు ఊహించుకోమన్నారు. తరువాత ఒక్కొక్క మామూలు పదాన్నీ చూపించి, ఆ పరిస్థితిలో అది ఎంత పనికొస్తుందో 1 నుంచి 5 వరకు అంకె వేయమన్నారు. మరికొందరిని అవే పదాలకు, కొత్త దేశానికి కాపురం మారుతున్నట్టు ఊహించుకుని అంకెలు వేయమన్నారు. ఇంకొందరిని ఆ పదం ఎంత ఆహ్లాదకరంగా ఉందో మాత్రమే చెప్పమన్నారు. పరీక్ష ఉంటుందని ఎవరికీ చెప్పలేదు. కాసేపు వేరే పనిలో పెట్టి, ఉన్నట్టుండి గుర్తున్న పదాలన్నీ రాయమంటే, గడ్డిమైదానం వారు తక్కినవారి కంటే ఎక్కువ పదాలు రాశారు. 2008లో అదే బృందం ఈ పద్ధతిని, మనసులో బొమ్మ కట్టుకోవడం, సొంత అనుభవంతో ముడిపెట్టుకోవడం, గుర్తుపెట్టుకోవాలని పట్టుబట్టి చదవడం వంటి పేరున్న పద్ధతులతో పోల్చి చూసినప్పుడు కూడా మనుగడ ఆలోచనే పైచేయి అయింది.

ఇక్కడ చాలామంది జారవిడిచే సంగతి ఒకటి ఉంది. అన్ని గుంపులకూ ఇచ్చినవి అవే పదాలు. పులి, పాము లాంటి భయపెట్టే పదాలు ఎక్కువ గుర్తున్నాయని కాదు, ఏ పదాన్నయినా ప్రాణం నిలుపుకోవడానికి ఇది పనికొస్తుందా అన్న కోణంలో తూచినప్పుడు అది ఎక్కువ గుర్తుంది. కాబట్టి ప్రమాదకరమైన శబ్దాలకు మెదడులో ప్రత్యేకమైన అర ఉందని ఈ ప్రయోగం నుంచి తేల్చడం కుదరదు.

మరి ఆ మేలు ఎక్కడి నుంచి వచ్చింది? మన పూర్వికులు బతికిన పరిసరాలకు తగినట్టుగా జ్ఞాపకం రూపుదిద్దుకున్నదని నేర్న్ వాదన. దీనికి కొంత బలం చేకూర్చే ఫలితం కూడా ఉంది. 2008లోనే వైన్‌స్టీన్, బగ్, రోడిగర్ అదే ఆపదను నగరంలో జరిగినట్టు మార్చి చూస్తే, గడ్డిమైదానం వారికే ఎక్కువ గుర్తుంది. కానీ 2011లో సోడర్‌స్ట్రామ్, మెక్‌కేబ్ క్రూరమృగాల స్థానంలో నడిచే శవాలను, అంటే జాంబీలను పెట్టారు. వాటి నుంచి తప్పించుకోవాలని ఊహించుకున్నవారి జ్ఞాపకం ఏమాత్రం తగ్గలేదు సరికదా, మరింత మెరుగ్గా ఉంది. మన తాతముత్తాతల్లో జాంబీల బారిన పడినవారు ఎవరూ లేరు గదా! అదే ఏడాది క్రోనైసెన్, ఎర్డ్‌ఫెల్డర్ మరో కీలకమైన మార్పు చేశారు. ఆపదలో పలు సమస్యలు కాకుండా తాగే నీరు దొరకడమనే ఒక్క సమస్యే ఉన్నట్టు చెబితే, మనుగడ ఆలోచన వల్ల వచ్చే లాభం కనుమరుగైంది. ఒక వస్తువును ఎన్ని రకాలుగా వాడవచ్చునో ఆలోచించే అవకాశం ఉన్నంతవరకే జ్ఞాపకానికి మేలు జరుగుతుందని వారు తేల్చారు. నాకు ఈ వివరణే బలమైనదిగా తోస్తుంది.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాము. పాప మూలిగినప్పుడు మీ మనసు ఊరకే వినదు. పాలిచ్చి ఎంతసేపయింది, పక్క తడిసిందా, దగ్గు వస్తోందా, లేవాలా, మరో నిమిషం ఆగి చూడాలా అని అరక్షణంలో అరడజను ప్రశ్నలు వేసుకుంటుంది. ఆ ప్రశ్నల్లో ప్రతిదీ ఆ శబ్దానికి ఒక కొక్కెం తగిలిస్తుంది. ఉదయం వెతికేటప్పుడు ఏ కొక్కెం చేతికి తగిలినా చాలు, శబ్దం పైకి వస్తుంది. మీ వారు అదే మూలుగు విన్నా, ఆ ప్రశ్నలు తన వంతు కాదనుకుని ఉంటే దానికి కొక్కేలే ఉండవు. వారం రోజులు రాత్రి బాధ్యత ఆయనకు అప్పగించి చూడండి. ఆయన జ్ఞాపకశక్తి మీద మీ అభిప్రాయం మారే అవకాశం ఉంది.

ప్రశ్న: నేను డిగ్రీలో మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను. పదాలకు బదులు నిత్యం వినిపించే శబ్దాలతో ఈ ప్రయోగం చిన్నస్థాయిలో చేయాలని మా మిత్రబృందం అనుకుంటోంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందుగా మీరు ఎన్నుకున్న సామగ్రి ఎంత జారుడుదో తెలుసుకోండి. బొమ్మల విషయంలో మనిషి జ్ఞాపకం ఆశ్చర్యపరుస్తుంది. 1967లో షెపర్డ్ సుమారు 600 బొమ్మలు చూపించి తరువాత పరీక్షిస్తే, చూసినదేదో కొత్తదేదో జనం 95 శాతానికి పైగా సరిగ్గా చెప్పారు. 1973లో స్టాండింగ్ ఆ సంఖ్యను 10,000 బొమ్మల దాకా తీసుకువెళ్లాడు. అదే 2009లో కోహెన్, హొరోవిట్జ్, ఉల్ఫ్ కేవలం 64 శబ్దాలు వినిపించి అడిగితే, ఫలితం బొమ్మల దరిదాపులకు రాలేదు. 2014లో అయోవా విశ్వవిద్యాలయంలో బిగెలో, పొరెంబా చూసినవాటిని, తాకినవాటిని, విన్నవాటిని పోల్చినప్పుడు కూడా, సమయం గడిచేకొద్దీ వెనకబడినవి విన్నవే.

ఇందువల్ల మీ ప్రయోగంలో పదాల ప్రయోగానికి లేని మెట్టు ఒకటి అదనంగా వచ్చి పడుతుంది. పదం చదివిన మరుక్షణమే అర్థం తెలుస్తుంది, శబ్దం వింటే అది దేనిదో ముందు పోల్చుకోవాలి. ఒక ఉదాహరణ చెబుతాను. ఫోనులో రికార్డు చేసిన మూడు సెకన్ల సుయ్ మనే శబ్దాన్ని హెడ్‌ఫోనులో వినిపించారనుకోండి. అది పెనం మీద నూనె కాగుతున్న చప్పుడా, గొట్టం నుంచి గ్యాసు కారుతున్న చప్పుడా, వాన జల్లా, పామా? వినేవాడు నూనె అనుకుంటే వంట గురించి ఆలోచిస్తాడు, పాము అనుకుంటే పరుగు గురించి ఆలోచిస్తాడు, ఏదీ తోచకపోతే ఏదో ఒక అంకె వేసి తప్పుకుంటాడు. మీ కాగితం మీద మాత్రం ముగ్గురూ ఒకే శబ్దానికి అంకె వేసినట్టు ఉంటుంది. అందుచేత ప్రతి శబ్దానికీ అంకెతో పాటు, అది దేనిదని అనుకున్నారో ఒక్క మాటలో రాయించుకోండి. పేరు తట్టని శబ్దాలను లెక్కకట్టేటప్పుడు విడిగా చూడండి, లేకపోతే పేరు పెట్టడం వల్ల కలిగిన లాభాన్ని మనుగడ ఖాతాలో వేసుకునే పొరపాటు జరుగుతుంది.

ఇంకా కొన్ని జాగ్రత్తలున్నాయి. శబ్దాల ఎంపికలో భయపెట్టేవీ సాధారణమైనవీ కలగలిపి ఉంచండి, కానీ రెండు గుంపులకూ అవే శబ్దాలు వినిపించండి. నీళ్లు కడవలో పడడం, ఎండు కొమ్మ ఫెళ్లున విరగడం, జిప్పు లాగడం, తాళంచెవుల గలగల, కత్తి చెక్కకు తగలడం, కాగితం చించడం వంటివి ఇరవై, ఇరవై నాలుగు ఉంటే చాలును. అన్నిటి నిడివీ, గట్టిదనమూ సమానంగా ఉండేలా సరిచేయండి. మనిషి గొంతునూ జంతువుల అరుపులనూ తక్కినవాటితో కలిపి లెక్కించకండి. ప్రాణమున్నవాటి పేర్లు ప్రాణం లేనివాటి కంటే బాగా గుర్తుంటాయని నేర్న్ బృందం 2013లో చూపించింది కాబట్టి, ఆ తేడా మీ ఫలితంలోకి దొడ్డిదారిన చొరబడవచ్చు.

పోలిక గుంపును తేలికగా తీసుకోవద్దు. ఒక గుంపుకు గడ్డిమైదానం కథ చెప్పి, మరో గుంపుకు కథే లేకుండా శబ్దం గట్టిగా ఉందా లేదా అని అడిగితే మనుగడ గుంపే నెగ్గుతుంది, అందులో వింత లేదు. విషయాన్ని లోతుగా ఆలోచించినవాడికి ఎక్కువ గుర్తుంటుందని క్రెయిక్, లాక్‌హార్ట్ 1972లోనే చెప్పారు. అవతలి గుంపుకు కూడా అంతే చిక్కు ఉన్న కథ ఇవ్వాలి. కొత్త ఇంటికి మారడం, పెద్ద ప్రయాణానికి సిద్ధపడడం వంటివి సరిపోతాయి. చివరగా, విన్న శబ్దాల పేర్లు రాయమనడం, మళ్లీ వినిపించి ఇది విన్నారా అని అడగడం రెండు వేర్వేరు పరీక్షలు. మొదటిదానిలో గుర్తుకొచ్చేది శబ్దం పేరు కావచ్చును గానీ శబ్దం కాకపోవచ్చును. వీలైతే ఒకే వస్తువు చేసే రెండు వేర్వేరు చప్పుళ్లను, ఉదాహరణకు రెండు రకాల తలుపుల కిర్రుమోతను, పరీక్షలో పక్కపక్కన పెట్టండి. అప్పుడు చెవి ఏం దాచుకుందో బయటపడుతుంది.

ప్రశ్న: మంటలు అంటుకున్నట్టు తెలిపే పొగ అలారం మోగినా పిల్లలు నిద్ర లేవరని విన్నాను. ప్రాణానికి సంబంధించిన శబ్దమే గదా, మరి మెదడు ఎందుకు పట్టించుకోదు?

జవాబు: ఆ శబ్దం ప్రాణానికి సంబంధించినదని మీకు తెలుసు, నిద్రలో ఉన్న పిల్లవాడి మెదడుకు తెలియాలి గదా. పిల్లల నిద్ర పెద్దల నిద్ర కంటే చాలా గాఢమైనది. పైగా మామూలు పొగ అలారాలు సుమారు 3,100 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర కీచుమని మోగుతాయి, అంత హెచ్చు స్వరం నిద్రలో ఉన్న పిల్లలను లేపడానికి అంత అనువైనది కాదు.

2018లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో గ్యారీ స్మిత్ బృందం 5 నుంచి 12 ఏళ్ల మధ్య వయసున్న 176 మంది పిల్లలతో దీన్ని పరీక్షించింది. కీచు అలారానికి లేచినవారు సుమారు 53 శాతం, అలారంగా తల్లి గొంతు వినిపించినప్పుడు లేచినవారు దాదాపు 90 శాతం. ఈ అంకెలు చూసి, తల్లి గొంతు ప్రాణరక్షణకు గుర్తు కాబట్టే పిల్లలు లేచారని చెప్పేయడం సులువు. కానీ అదే పరిశోధనలో తల్లి పిల్లవాడి పేరు పెట్టి పిలిచినా, పేరు లేకుండా లేవమన్నా తేడా కనిపించలేదు. ఆ తరువాత అదే బృందం చేసిన పరిశోధనలో పరిచయం లేని స్త్రీ గొంతు, మంద్రస్వరంలో మోగే అలారం కూడా కీచు అలారం కంటే ఎంతో బాగా పనిచేశాయి. అంటే శబ్దపు అర్థం కంటే, అది హెచ్చు స్వరమా మంద్రస్వరమా అన్నదానికే ఎక్కువ ప్రాధాన్యం ఉండవచ్చు. 520 హెర్ట్జ్ దగ్గర మోగే అలారాలు ఇప్పుడు దొరుకుతున్నాయి, పిల్లలున్న ఇళ్లలో వాటిని ఆలోచించవలసినదే.

కొన్ని శబ్దాలు అర్థంతో పని లేకుండానే మనలను కుదిపేస్తాయన్నది నిజం. 2015లో ఆర్నాల్, పోపెల్, సహచరులు కేకలను పరిశీలించి, వాటి గట్టిదనం సెకనుకు 30 నుంచి 150 సార్లు హెచ్చుతగ్గులవుతూ ఒకరకమైన గరుకుదనాన్ని కలిగిస్తుందనీ, అలాంటి శబ్దాలకు మెదడులో భయాన్ని పసిగట్టే ఎమిగ్డాలా ఎక్కువగా స్పందిస్తుందనీ చూపించారు. చాలా సైరన్లలో ఉన్నది ఇదే గరుకుదనం. దగ్గరవుతున్నట్టు పెరిగే స్వరాన్ని, దూరమవుతున్నట్టు తగ్గే స్వరం కంటే ఎక్కువ మార్పు చెందినట్టు వింటామని న్యూహాఫ్ 1998లో తెలిపాడు. అయితే ఇవన్నీ తల తిప్పి చూడడం గురించి. తల తిప్పించిన ప్రతి చప్పుడూ నెల తరువాత గుర్తుండాలని లేదు.

ప్రశ్న: గోడ గడియారం టిక్కుటిక్కుమంటుందని అది ఆగిపోయిన రోజే తెలుస్తుంది. ఇది చెవి లోపమా?

జవాబు: కాదు, చెవి చేసే పొదుపు. మార్పు లేకుండా అదే పనిగా వచ్చే శబ్దానికి స్పందన తగ్గించుకుంటూ పోవడం నాడీమండలపు సహజగుణం. ఈ జవాబు రాస్తుండగానే మా గదిలో ఫ్రిజ్ మోత టక్కున ఆగింది, అంతసేపూ అది మోగుతోందని అప్పుడే నాకు తెలిసింది. విన్నంతసేపు పట్టని శబ్దం ఆగినప్పుడు పట్టిందంటే, మెదడు దాన్ని పూర్తిగా వదిలేయలేదనీ, ఎక్కడో ఒక లెక్క నడుస్తూనే ఉందనీ అర్థం. ఆసుపత్రుల్లో ఇదే గుణం ఇబ్బంది తెచ్చిపెడుతుంది. రోగి పక్కనున్న యంత్రాలు అనవసరంగా మోగి మోగి, అవసరమైనప్పుడు మోగినా సిబ్బంది చెవికి ఎక్కని స్థితి ఏర్పడుతుంది.

ప్రశ్న: మూడు నెలల క్రితం మా కళ్లముందే రోడ్డు ప్రమాదం జరిగింది. ఢీకొనడానికి ముందు హారన్ మోగిందని నేను ఒట్టుపెట్టి చెప్పగలను. నా పక్కనే ఉన్న మా అబ్బాయి అసలు హారనే మోగలేదంటాడు. అంత భయంకరమైన క్షణంలో విన్నది తప్పుగా గుర్తుంటుందా?

జవాబు: మీ ఇద్దరిలో ఎవరిది సరైనదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, కానీ ఒట్టు పెట్టేంత నమ్మకం ఉన్నంత మాత్రాన అది సరైనదని అనుకోవద్దు. మనుగడ కోణంలో ఆలోచించినప్పుడు ఎక్కువ గుర్తుంటుందన్న ప్రయోగాలకు ఒక చేదు కొసరు ఉంది. 2010లో ఆట్‌గార్, స్మీట్స్ ఒకదానికొకటి సంబంధమున్న పదాల జాబితాలతో ఈ ప్రయోగం చేసినప్పుడు, మనుగడ ఆలోచన వల్ల నిజంగా చూసిన పదాలతో పాటు, జాబితాలో లేకపోయినా దానికి సరిపోయే పదాలు కూడా ఎక్కువగా గుర్తొచ్చాయి. ఒక విషయాన్ని చుట్టుపక్కల వాటితో గట్టిగా అల్లుకునే మనసు, ఆ అల్లికలో సహజంగా ఇమిడిపోయే లేని పోగును కూడా కలిపేస్తుంది.

ప్రమాదమంటే మనసులో ఉండే కథలో హారన్ ఉంటుంది, బ్రేకుల కీచు ఉంటుంది, అద్దం పగలడం ఉంటుంది. వీటిలో ఒకటి ఆ రోజు వినిపించకపోయినా, తరువాత పదిమందికి పదిసార్లు చెప్పే క్రమంలో దాని స్థానంలో అది వచ్చి కూర్చుంటుంది. వరుస విషయంలో పొరపాటు మరీ ఎక్కువ. ఢీకొన్న తరువాత నొక్కుకుపోయి మోగిన హారన్ జ్ఞాపకంలో ముందుకు జరగడం అసాధ్యమేమీ కాదు. మరోవైపు మీ అబ్బాయి వినలేదన్నంత మాత్రాన హారన్ మోగలేదని కూడా అనలేము. ఒక చెవిలో వచ్చే మాటల మీద ధ్యాస పెట్టినవారు రెండో చెవిలోని మాటలను దాదాపు పట్టించుకోరని 1953లో చెర్రీ చూపించాడు. 1959లో మోరే ఆ రెండో చెవిలో వారి సొంత పేరు వినిపిస్తే, దాన్ని గమనించినవారు మూడింట ఒక వంతు మాత్రమే. సొంత పేరుకే ఆ గతి పట్టినప్పుడు, మరో ఆలోచనలో ఉన్న కుర్రవాడికి హారన్ వినిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ విషయమై ఎక్కడైనా సాక్ష్యం చెప్పవలసి వస్తే, మీరిద్దరూ మళ్లీ మాట్లాడుకోక ముందే విడివిడిగా కాగితం మీద రాసుకోండి. విన్నది ఏది, విన్నట్టు అనిపిస్తున్నది ఏది, ఇతరులు చెప్పగా చేరినది ఏది అని మూడు భాగాలుగా రాయండి. మూడు నెలలు గడిచాయి కాబట్టి మొదటి భాగం చిన్నదిగా వస్తుంది, దాన్ని పెంచడానికి ప్రయత్నించకండి.